ఫిష్ సాస్ దొరకని రోజుల్లో వియత్నాం వంట

1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తర వియత్నాం సేనల చేతికి చిక్కింది. ఆ ఏడాది అమెరికాకు లక్షా పాతికవేల మందికి పైగా వియత్నాం శరణార్థులు వచ్చారు. కాలిఫోర్నియాలో క్యాంప్ పెండిల్టన్, ఆర్కన్సాలో ఫోర్ట్ చాఫీ, పెన్సిల్వేనియాలో ఫోర్ట్ ఇండియన్‌టౌన్ గ్యాప్, ఫ్లోరిడాలో ఎగ్లిన్ వైమానిక స్థావరం... ముందు ఈ శిబిరాల్లో ఉంచి, ఆ తర్వాత ఊళ్ళకు పంపారు. అందరూ ఒక్కచోటే చేరితే ఆ ప్రాంతం మీద భారం పడుతుందని కావాలనే దేశమంతా తలా ఒక దిక్కుకు పంపారు. అందుకే అయోవాలోనూ మిన్నెసోటాలోనూ, మంచు కురిసే ఊళ్ళల్లో, చుట్టుపక్కల ఒక్క ఆసియా దుకాణం కూడా లేని చోట ఎన్నో కుటుంబాలు పొయ్యి వెలిగించాయి. కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో వియత్నాం దుకాణాలు నిండిన లిటిల్ సైగాన్ వీధులు తర్వాతి మాట. ఆ తొలి పదేళ్ళ వంటంటే నాకు చాలా గౌరవం. ఏ దినుసు లేకపోతే దాని పని ఇంకే దినుసు చేస్తుందో అప్పుడు కనిపెట్టిన పద్ధతులు ఈనాటికీ పనికొస్తాయి.

అన్నిటికంటే పెద్ద వెలితి ఫిష్ సాస్. వాళ్ళ భాషలో నుక్ మామ్. సన్నని నెత్తళ్ళలాంటి చేపల్ని సముద్రపు ఉప్పుతో కలిపి పీపాల్లో ఏడాది పాటు ఊరబెట్టి దించిన ఊట అది. ఫూ క్వాక్ దీవి, ఫాన్ థియెట్ రేవు దానికి పేరుపడ్డ చోట్లు. 1994 ఫిబ్రవరి 3న వాణిజ్య నిషేధం ఎత్తేసేదాకా వియత్నాం సరుకు అమెరికాకు రావడానికి వీల్లేదు. దొరికితే గిరికితే థాయ్‌లాండ్ సీసా, లేకపోతే ఫిలిప్పీన్స్ వాళ్ళ ఫిష్ సాస్ పాటిస్. పాటిస్‌లో ఉప్పు ఎక్కువ, కాబట్టి కొలతలో నాలుగో వంతు తగ్గించి, రుచి చూసుకుని కలుపుకోవాలి.

అదీ దొరకని చోట పిజ్జా మీద వేసే ఆంకోవీ చేపల డబ్బా ఆదుకుంది. 56 గ్రాముల డబ్బా ఒకటి, 250 మిల్లీలీటర్ల నీళ్ళు, రెండు టేబుల్ స్పూన్ల ఉప్పు. చేపల నూనెను కాగితంతో అద్దేసి, నీళ్ళలో వేసి, సన్నటి మంట మీద పావుగంట ఉడికించి, పలచటి గుడ్డలో వడకట్టాలి. గుడ్డను పిండకూడదు. పిండితే ముద్ద దిగి ఊట మడ్డిగా అయిపోతుంది. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. సూపులకూ పులుసులకూ ఇది చక్కగా సరిపోతుంది. పచ్చిగా ముంచుకు తినే చట్నీకి మాత్రం పనికిరాదు. ఏడాది ఊరిన వాసన పావుగంట ఉడుకులో రాదు కదా. సోయా సాస్ వేసేద్దామనుకుంటే దానిది వేరే దారి. వేయించిన గోధుమ వాసన, నల్ల రంగు రెండూ సూపును పాడుచేస్తాయి. మాంసం నానబెట్టడానికి మాత్రం ఫర్వాలేదు.

ముంచుకునే చట్నీ, అంటే నుక్ చామ్, కొలత ఇది: ఒక వంతు ఫిష్ సాస్, ఒక వంతు చక్కెర, ఒక వంతు నిమ్మరసం, నాలుగు వంతుల నీళ్ళు. చక్కెరను ముందు గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, చల్లారాక నిమ్మరసం, ఆ తర్వాత ఫిష్ సాస్ కలపాలి. దంచిన వెల్లుల్లి, మిరపకాయ చిట్టచివర వేస్తే పైన తేలుతూ ఉంటాయి. ముందే వేస్తే అడుగుకు చేరిపోతాయి. అప్పట్లో చిన్న ఊళ్ళ దుకాణాల్లో మన నిమ్మకాయలాంటి ఆకుపచ్చ లైమ్ అరుదు, పసుపుపచ్చ లెమన్ ఒక్కటే ఉండేది. దాని రసం వేస్తే పులుపు చాలుతుంది కానీ ఘాటు తగ్గుతుంది. నాలుగు చెంచాల రసంలో ఒక చెంచా తీసేసి, ఆ స్థానంలో తెల్ల వెనిగర్ వేస్తే ఆ లోటు తీరుతుంది.

ఇక ఫో, అంటే బియ్యపు సేవ మీద పోసుకునే ఎముకల సూపు. దీనికి కావలసిన ఎముకలకు అమెరికాలో కొదవలేదు. మోకీలు ఎముకలు, తోక ముక్కలు అప్పట్లో మాంసం కొట్టువాళ్ళు చౌకగా వదిలించుకునే సరుకు. రెండున్నర కిలోల ఎముకలకు ఆరు లీటర్ల నీళ్ళు, 700 గ్రాముల ఛాతీ మాంసం లెక్క. ఎముకల్ని ముందు విడిగా నీళ్ళలో వేసి ఐదారు నిమిషాలు తెర్లనిచ్చి, ఆ నీళ్ళన్నీ పారబోసి, ఒక్కో ఎముకనూ కుళాయి కింద కడగాలి. గిన్నె కూడా తోముకోవాలి. బద్ధకించి ఈ పని మానేస్తే తర్వాత ఎంతసేపు నురగ తీసినా సూపు బూడిదరంగులోనే ఉంటుంది. కడిగిన ఎముకల్ని కొత్త నీళ్ళలో వేసి, బుడగ ఒక్కోటిగా పైకొచ్చేంత సన్నటి సెగ మీద మూడు గంటలు ఉంచాలి. మూత పూర్తిగా వేయొద్దు. కళపెళ మరిగితే కొవ్వు సన్న చుక్కలుగా విరిగి నీళ్ళలో కలిసిపోతుంది, ఆ తెలుపు ఇక పోదు. గంటన్నరకు మాంసం మెత్తబడగానే బయటికి తీసి చల్లటి నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే నల్లబడదు, ఎండిపోదు.

రెండు ఉల్లిపాయలు, అరచేయంత అల్లం కొమ్ము తొక్కతోనే కాల్చాలి. వియత్నాంలో బొగ్గుల మీద కాల్చేవాళ్ళు. అపార్టుమెంట్లలో ఎలక్ట్రిక్ పొయ్యి తీగ మీదే నేరుగా పెట్టి, పటకారుతో తిప్పుతూ కాల్చారు. పొగకు అలారం మోగకుండా కిటికీ తెరిచి పెట్టుకోవడం అందులో భాగమే. ఓవెన్ పైసెగ కింద పావుగంట ఉంచినా ఫలితం అదే. తొక్క నల్లబడి, లోపల మెత్తబడి, ఉల్లి రసం తియ్యగా కారాలి. నల్లటి తొక్కను కడిగి తీసేయకపోతే సూపు చేదెక్కుతుంది.

మసాలా దినుసుల దగ్గర మాత్రం తెలుగువాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. అనాసపువ్వులు ఐదు, వేలెడు దాల్చిన చెక్క, లవంగాలు నాలుగు, టేబుల్ స్పూను ధనియాలు, నల్ల యాలకు ఒకటి. వాళ్ళ థావ్ క్వా అనే యాలకు మన నల్ల యాలకు కంటే పెద్దది, ఎర్రటి గోధుమరంగు. మనది చిన్నది కానీ పొగ వాసన గట్టిది కాబట్టి ఒకటి చాలు, రెండు వేస్తే సూపు బిర్యానీ వైపు వెళ్ళిపోతుంది. వీటిని పొడి మూకుడులో వాసన వచ్చేదాకా వేయించి, గుడ్డలో మూటగట్టి, చివరి గంటలో మాత్రమే సూపులో ముంచాలి. మొదటినుంచీ ఉడికిస్తే అనాసపువ్వు మిగతా వాసనలన్నిటినీ మింగేస్తుంది. చివర్లో 70 మిల్లీలీటర్ల ఫిష్ సాస్, 25 గ్రాముల పటికబెల్లం, టేబుల్ స్పూనున్నర ఉప్పు. గిన్నెలో సూపు ఒక్కటే తాగి చూస్తే ఉప్పు కాస్త ఎక్కువే అనిపించాలి. ఉప్పులేని బియ్యపు సేవ మీద పోస్తే అది సరిపోతుంది.

ఆ సేవ దొరకనప్పుడు లింగ్వీని అనే ఇటాలియన్ పాస్తా వాడుకున్నారు. గోధుమది కాబట్టి సూపులో ఉడికిస్తే పిండి దిగి చిక్కబడుతుంది. విడిగా ఉడికించి, చల్లటి నీళ్ళలో జిగురు పోయేలా కడిగి, తినేముందు మరిగే నీళ్ళలో ఒక్క ముంచు ముంచి తీయాలి. ఎండు బియ్యపు సేవ దొరికితే అరగంట గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మరిగే నీళ్ళలో పదిహేను సెకన్లు ఉంచితే చాలు. నానబెట్టకుండా ఉడికిస్తే బయట ముద్దవుతుంది, లోపల పలుకు మిగులుతుంది.

పైన వేసుకునే పెసర మొలకలు ఇంట్లోనే పండించుకున్నారు. మనం చేసుకునే చిటికెడు తోక ఉన్న మొలకలు కావివి. వేలంత పొడుగు, తెల్లగా, లావుగా ఉండాలి. దానికి లీటరు పాల అట్టపెట్టె సరైన సాధనం. పెట్టెకు అడుగునా పక్కలా దబ్బనంతో బాగా చిల్లులు పొడవాలి. 100 గ్రాముల పెసలు గోరువెచ్చటి నీళ్ళలో ఎనిమిది గంటలు నానబెట్టి, పెట్టెలో పోసి, మూతి మడిచి అంటించి, అడ్డంగా పడుకోబెట్టి చీకట్లో ఉంచాలి. రోజుకు మూడుసార్లు పెట్టెనే నీళ్ళలో రెండు నిమిషాలు ముంచి, పూర్తిగా ఓడ్చాలి. మొలకలు పెరిగేకొద్దీ పెట్టెలో చోటు చాలక ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఆ ఒత్తిడికే కాడ పొడుగు సాగకుండా లావెక్కుతుంది. మూడు నాలుగు రోజుల్లో పెట్టె పొట్ట ఉబ్బుతుంది. చలి ఇళ్ళల్లో ఐదారు రోజులు పట్టొచ్చు. వెలుతురు తగిలితే పచ్చబడి చేదెక్కుతాయి. తడపడం ఒక పూట మానేస్తే లోపల వేడెక్కి, జిగురొచ్చి కుళ్ళిపోతాయి.

ఆకుల సంగతి ఇంకా కష్టం. రావ్ రామ్ (వియత్నాం కొత్తిమీర అంటారు), పెరిల్లా (పుదీనా జాతి ఆకు), థాయ్ తులసి లేకుండా వియత్నాం భోజనం బోసిగా ఉంటుంది. రావ్ రామ్ కొమ్మ ఒకటి ఎవరి దగ్గరైనా సంపాదిస్తే గ్లాసు నీళ్ళలోనే వేళ్ళొస్తాయి. నిమ్మగడ్డి కాడకు అడుగు గడ్డ చెడకుండా ఉంటే అదీ అంతే. రెండింటికీ మంచు పడదు కాబట్టి ప్లాస్టిక్ బకెట్లలో పెంచి, శీతాకాలం కిటికీ పక్కకు చేర్చుకునేవాళ్ళు. రావ్ ముయాంగ్ అంటే మన తూటికూరే. వెల్లుల్లితో గబగబా వేయించే ఆ కూరకు పాలకూర వాడితే నీళ్ళూరి ముద్దవుతుంది. నీళ్ళలో పెరిగే వాటర్‌క్రెస్ ఆకుకూర అయితే కాడ కరకరలాడుతూ నిలుస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాలకు పంపినవాళ్ళకు ఒక అదృష్టం కలిసొచ్చింది. అక్కడివాళ్ళు ఆవాకు ఇష్టంగా తింటారు, ప్రతి కూరల కొట్లోనూ కట్టలు ఉంటాయి. అట్టును చుట్టుకు తినడానికి వియత్నాంలో వాడేది కూడా ఆవాకే.

ఆ అట్టు పేరు బాన్ సెయో. పసుపు వేసిన బియ్యప్పిండి అట్టు, లోపల రొయ్యలు, పంది మాంసం, పెసర మొలకలు. 250 గ్రాముల పిండికి చెంచా పసుపు, అర చెంచా ఉప్పు, 150 మిల్లీలీటర్ల కొబ్బరిపాలు, 400 మిల్లీలీటర్ల నీళ్ళు, సన్నగా తరిగిన ఉల్లికాడలు. ఎక్కువమందికి అట్టు చెడేది పిండి దగ్గరే. తెలుగువాళ్ళకిది తేలిగ్గా అర్థమవుతుంది, అరిసెలకు తడిపిండే ఎందుకు కావాలో తెలిసినవాళ్ళం కాబట్టి. మూడు తలల ఏనుగు బొమ్మ ఉన్న థాయ్ సంచుల్లోని పిండి బియ్యం నానబెట్టి తడిగా విసిరింది, మెత్తగా ఉంటుంది. ఎర్ర అక్షరాల సంచి మామూలు బియ్యప్పిండి, ఆకుపచ్చది జిగురు బియ్యానిది, నీలం రంగుది కర్రపెండలం పిండి. ఆకుపచ్చ సంచి పొరపాటున తెస్తే అట్టు పెనానికి అంటుకుపోతుంది. ఇండియన్ స్టోర్ పిండి పొడిగా విసిరింది. అది నీళ్ళను ఆలస్యంగా పీల్చుకుంటుంది, అడుగున పేరుకుంటుంది. కలిపి మూడు గంటలు పక్కన పెట్టి, గరిట ముంచిన ప్రతిసారీ అడుగునుంచి కలియబెట్టాలి. ఇంట్లో గ్రైండర్ ఉంటే సోనా మసూరి ఆరు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బుకోవడమే అన్నిటికంటే మేలు.

పెనం బాగా కాలాలి, పిండి పడగానే సుయ్యిమనాలి. టేబుల్ స్పూను నూనెలో మాంసం, రొయ్యలు అర నిమిషం వేగాక, గరిటెడు పిండి పోసి, పెనాన్ని చేత్తో ఎత్తి గుండ్రంగా తిప్పాలి. మొలకలు వేసి మూత ఒక్క నిమిషం, ఆ తర్వాత మూత తీసి నాలుగు నిమిషాలు. మూత ఎక్కువసేపు ఉంచితే ఆవిరికి అంచులు మెత్తబడతాయి. కొబ్బరిపాలు కొలత మించితే అడుగు మాడుతుంది, పైభాగం మెత్తగానే ఉంటుంది. నీళ్ళలో 100 మిల్లీలీటర్లు తగ్గించి అంత గ్యాస్ సోడా నీళ్ళు పోస్తే అంచుల్లో జాలీ బాగా వస్తుంది.

అట్లాంటిక్ అవతలి కథ వేరు. చెకోస్లొవాకియాకు వియత్నాం వాళ్ళు శరణార్థులుగా కాదు, 1970, 80 దశకాల్లో ప్రభుత్వాల మధ్య ఒప్పందాల మీద చదువుకీ ఫ్యాక్టరీ పనికీ వెళ్ళారు. ప్రాగ్‌లో ఇప్పుడు వియత్నాం వాళ్ళ సాపా మార్కెట్‌కి వెళ్తే హనోయ్‌లో దొరికేవన్నీ దొరుకుతాయి. అప్పుడు మాత్రం హాస్టల్ వంటగదికి దొరికింది క్యాబేజీ, కోల్‌రాబీ (నూల్‌కోల్), కారట్, పంది మాంసం. కోల్‌రాబీ ఉత్తర వియత్నాం వాళ్ళకు చిన్నప్పటినుంచీ తెలిసిన కూరే కాబట్టి పచ్చి బొప్పాయి చోటు అదే తీసుకుంది. పలుచగా తరిగి, అరకిలోకి చెంచా ఉప్పు రాసి ఇరవై నిమిషాలు ఉంచి, నీళ్ళు గట్టిగా పిండేసి నుక్ చామ్‌లో వేస్తే బొప్పాయి కంటే కరకరగా ఉంటుంది.

కాన్ చువా, అంటే వాళ్ళ చేపల పులుసు, అక్కడ చింతపండు లేకుండానే నిలబడింది. రూబార్బ్ అనే మొక్క పుల్లటి కాడలు దాని పని చేశాయి. లీటరున్నర పులుసుకు 200 గ్రాముల కాడలు, పీచు తీసి, ముక్కలు చేసి, విడిగా కొద్ది నీళ్ళలో ఉడికించి వడకట్టాలి. నేరుగా పులుసులో వేస్తే దారాలుగా విడిపోతుంది. ఆకులు మాత్రం విషం, ఒక్క ముక్క కూడా పడకూడదు. రూబార్బ్ పులుపు చింతపండు కంటే పదును, వెనక తీపి ఉండదు. అందుకని రెండు చెంచాల చక్కెర అదనంగా పడాలి. అనాసపండు డబ్బాది వాడితే చక్కెర పాకం కడిగేసి, ఆ రెండు చెంచాలు మానేయాలి. దురద పెట్టని ఒక రకం చేమకాడ ఈ పులుసులో పడుతుంది. స్పంజులా పులుసును పీల్చుకోవడం దాని గొప్పతనం. సెలరీ కాడను ఏటవాలుగా తరిగి దించే ముందు వేస్తే కరకర వస్తుంది, పీల్చుకునే గుణం రాదు. ఈ పులుసులో వేసే న్గో ఓమ్ ఆకు వాసనలో జీలకర్ర, నిమ్మ రెండూ ఉంటాయి. అర చెంచా జీలకర్ర వేయించి నలిపి, కొత్తిమీరతో పాటు నిమ్మ తొక్క తురుము చిటికెడు వేస్తే చాలా దగ్గరికి వస్తుంది. చేప విషయానికొస్తే, క్రిస్మస్ ముందు చెక్ వీధుల్లో తొట్లలో బతికున్న కార్ప్ అమ్ముతారు. పులుసుకైనా, మాడ్చిన చక్కెర పాకంలో ఇగిర్చే కా ఖో కూరకైనా అంతకంటే మంచి చేప అక్కర్లేదు. చర్మానికి ఉప్పు, వెనిగర్ రాసి కడిగితే బురద వాసన పోతుంది.

ఈ వంటలన్నిటిలో కష్టమైంది చా లువా. పంది మాంసాన్ని ముద్దగా దంచి, అరిటాకులో చుట్టి ఉడికించే స్తంభంలాంటి తెల్లటి ముద్ద. వియత్నాంలో అప్పుడే కోసిన వేడి మాంసాన్ని రోట్లో దంచేవాళ్ళు. కోసిన కొద్ది గంటల్లోపు కండ బిగుసుకోకముందు దాని మాంసకృత్తులు తేలిగ్గా విడివడి జిగురుగా అల్లుకుంటాయి. ఫ్రిజ్‌లోంచి వచ్చిన సూపర్‌మార్కెట్ మాంసం అప్పటికే బిగుసుకుపోయి ఉంటుంది, ఎంత దంచినా పట్టు రాదు. ఆ పట్టును యంత్రంతో, చలితో, పిండితో తెప్పించాలి. కిలో కొవ్వులేని తొడ మాంసం పలుచగా కోసి, 60 మిల్లీలీటర్ల ఫిష్ సాస్, రెండు చెంచాల చక్కెర, 40 గ్రాముల బంగాళదుంప పిండి, ఒక బేకింగ్ పౌడర్ పొట్లం పట్టించాలి. పొట్లమంటే ఫ్రాన్స్ వాళ్ళ ఆల్సా, గులాబి రంగుది, 11 గ్రాములు. ప్యారిస్‌లో ఉన్న బంధువుల చేత దీన్ని తెప్పించుకునేవాళ్ళు, ఇప్పటికీ చాలామంది వేరేది ముట్టుకోరు. మాంసాన్ని అంచులు గడ్డకట్టేదాకా ఫ్రీజర్‌లో ఉంచి, పావుకిలో చొప్పున ఫుడ్ ప్రాసెసర్‌లో తిప్పి, మళ్ళీ గంట ఫ్రీజర్‌లో పెట్టి, 70 మిల్లీలీటర్ల ఐసు నీళ్ళు, అంతే నూనె కొద్దికొద్దిగా పోస్తూ రెండోసారి తిప్పాలి. ముద్ద 12 డిగ్రీలు దాటకూడదు. గిన్నె బయట చెయ్యి పెడితే జిల్లుమనాలి. ముద్ద మెరుస్తూ, లేత గులాబి రంగులో, గరిటకు సాగుతూ ఉంటే కుదిరినట్టు. వేడెక్కితే కొవ్వు విడిపోయి, ఉడికాక సుద్దలా పొడిపొడిగా రాలుతుంది. అలా విడిపోయిన ముద్దను బాగుచేసే దారి లేదు, ఉండలు చేసి సూపులో వేసుకోవడమే.

ఆకు లేనప్పుడు అల్యూమినియం ఫాయిల్‌లో అరకిలో చొప్పున బిగించి చుట్టి, సన్నటి మరుగులో 50 నిమిషాలు ఉడికించారు. చల్లారాక కోస్తే కోత మీద గుండుసూది మొనంత చిల్లులు అక్కడక్కడా కనిపించాలి. చేత్తో వంచితే విరగకుండా వెనక్కి లేవాలి.

కాఫీ సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. చికోరీ కలిపిన, బాగా మాడ్చిన న్యూ ఆర్లీన్స్ కాఫీ, కఫే డు మోండ్ పసుపు డబ్బా, ఫిన్ అనే చిన్న రేకు ఫిల్టర్‌లో దించి తీపి పాలడబ్బాతో కలిపితే సైగాన్ కాఫీకి బాగా దగ్గరగా ఉంటుందని అమెరికా వియత్నాం వాళ్ళు త్వరగానే గుర్తించారు. చికోరీ కాఫీతో పెరిగిన మనవాళ్ళకూ అది నచ్చుతుంది. మూడు చెంచాల పొడికి 100 మిల్లీలీటర్ల నీళ్ళు. ఐదు నిమిషాల్లోపు దిగిపోతే ఫిల్టర్ లోపలి మూత సరిగ్గా నొక్కలేదన్నమాట.

వాళ్ళ కొత్త సంవత్సరం టెట్‌కి బాన్ టెట్ తప్పదు. జిగురు బియ్యం, పెసరపప్పు, పంది పొట్ట మాంసం కలిపి అరిటాకులో స్తంభంలా చుట్టి, ఏడెనిమిది గంటలు నీళ్ళలో ఉడికిస్తారు. ఆకులోంచి నీళ్ళు లోపలికి చేరతాయి, ఫాయిల్‌లోంచి చేరవు. ఈ తేడా పట్టించుకోకుండా నానబెట్టిన బియ్యాన్నే ఫాయిల్‌లో చుడితే రోజంతా ఉడికించినా మధ్యలో పలుకు మిగిలిపోతుంది. రాత్రంతా నానిన కిలో బియ్యాన్ని 400 మిల్లీలీటర్ల కొబ్బరిపాలు, చెంచాన్నర ఉప్పుతో మూకుడులో పాలు ఇగిరి సగం ఉడికేదాకా వేయించాలి, ఆపైన చుట్టాలి. ఆకుపచ్చ రంగు కోసం పాలకూర రసం ఆ బియ్యంలోనే పోసేవాళ్ళు. ఫాయిల్‌కీ బియ్యానికీ మధ్య వెన్న కాగితం ఒక పొర ఉండాలి. ఉప్పు, ఫిష్ సాస్ తగిలితే ఫాయిల్ తూట్లు పడి, అన్నానికి లోహపు రుచి పడుతుంది. బియ్యం ఉబ్బుతుంది కాబట్టి మరీ బిగించకుండా, రెండు చివర్లా వేలు పట్టేంత చోటు వదలాలి. ఇలా చుట్టినవి నాలుగు గంటల్లో ఉడుకుతాయి, ప్రెషర్ కుక్కర్‌లో గంటన్నర చాలు.

మిగిలిన ముక్కల్ని మర్నాడు రెండు వేళ్ళ మందాన కోసి, నూనెలో సన్నటి మంట మీద రెండు వైపులా ఎర్రగా వేయిస్తారు. పక్కన ఊరవేసిన చిన్న ఉల్లి ఉండాలి. వాళ్ళు వాడే కూ క్యూ గడ్డ దొరకని ఊళ్ళల్లో ఉల్లికాడల తెల్ల భాగాన్ని రెండంగుళాల ముక్కలుగా కోసి, ఉప్పు రాసి, ఒక పూట ఎండలో వాడ్చి, కప్పు వెనిగర్‌కి అర కప్పు చక్కెర మరిగించి చల్లార్చిన నీళ్ళలో వేసుకున్నారు. వాడ్చకుండా వేస్తే రెండోరోజుకే మెత్తబడతాయి. ఎండ లేని ఫిబ్రవరిలో ఆ పని హీటర్ గట్టు మీద ఆరబెట్టి కానిచ్చేవాళ్ళు. ఐదో రోజుకి తినడానికి సిద్ధం.